మాఘమాసంలో మామిడిపండు: దగ్గరి పంటను, కాలం పంటను తినడం నగరంలో సాధ్యమేనా?

నిజాంపేట_వాణి
ఫిబ్రవరి మొదటి వారంలోనే మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో బంగినపల్లి పండ్లు పెట్టారు, కిలో నాలుగు వందలు. పాప ముచ్చటపడిందని రెండు కొన్నాను. తొక్క నిండు పసుపుగా ఉంది, కానీ కోయబోతే కత్తి టెంకలోంచి కూడా తేలిగ్గా దిగిపోయింది. టెంక ముదరనే లేదు, లోపలి జీడి తెల్లగా, మెత్తగా ఉంది, కండకు పులుపూ లేదు, తీపీ లేదు. పాప ఒక ముక్క కొరికి పక్కన పెట్టేసింది. వాటిని చెత్తబుట్టలో వేస్తుంటే పోయిన డబ్బు కంటే ఆ కాయలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఇంకో రెండున్నర నెలలు చెట్టునే ఉండి ఉంటే అవి ఎలా ఉండేవో నాకు తెలుసు.

గత దసరా నుంచి మా ఇంట్లో దగ్గర పండినది, ఆ కాలంలో పండినది మాత్రమే తినాలని అనుకున్నాం. నాలుగు నెలలకే తడబడుతున్నాను. దుకాణంలో పన్నెండు నెలలూ అవే పది కూరగాయలు ఉంటాయి కాబట్టి దేని కాలం ఎప్పుడో నాకు తెలియడం లేదు. దగ్గర అంటే ఎన్ని కిలోమీటర్లో కూడా తేలడం లేదు. పైగా మా అపార్ట్‌మెంట్‌లో ఇది డబ్బున్నవారి సరదా అని అంటున్నారు. ఏళ్ల తరబడి ఇలా తింటున్నవారు ఎవరైనా ఉంటే ఎలా సాగిస్తున్నారో చెప్పగలరా?

చేవెళ్ల_రైతు
ముందు మామిడి సంగతి చెప్తాను. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. ఇథిలిన్ వాయువును పది లక్షల పాళ్లలో వంద పాళ్లకు మించకుండా వాడటానికి మాత్రం అనుమతి ఉంది. అయితే ఏ వాయువైనా తొక్కకు రంగు తెస్తుందే గాని, ముదరని కాయలో లేని తీపిని తెచ్చిపెట్టలేదు. మీరు కొన్నది లేత కాయ. బంగినపల్లి ఏప్రిల్ రెండో పక్షం దాటాకే కొనండి, అప్పుడు కూడా తొడిమ చుట్టూ భుజాలు ఎత్తుగా నిండి ఉన్న కాయను చూసి తీసుకోండి.

ఇప్పుడు మా వైపు పొలాల్లో టమాటా, క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, చిక్కుడు, పాలకూర, మెంతికూర, కొత్తిమీర విరివిగా ఉన్నాయి. పచ్చి శనగ మొక్కలు కట్టలు కట్టి రోడ్డు పక్కన అమ్ముతున్నారు, రేగుపండ్లు చివరి దశలో ఉన్నాయి. వారం మొత్తానికి ఇవి చాలు.

అద్దె_ఇల్లు
టమాటాకు కాలం ఏముంటుంది? అది సంవత్సరం పొడవునా దొరుకుతుంది కదా.

చేవెళ్ల_రైతు
దొరకడం వేరు, మన దగ్గర పండటం వేరు. హైదరాబాద్ చుట్టుపక్కల టమాటా బాగా పండేది చలికాలంలోనే. మార్చి దాటిందంటే ఎండవేడికి పూత రాలిపోతుంది, కాయ చిన్నదవుతుంది, ఆకు ముడత వైరస్ తగులుతుంది. వేసవిలో మీరు తినేది ఎక్కువగా మదనపల్లె వైపు నుంచి, కర్ణాటకలోని కోలారు నుంచి వస్తుంది. ఆ ప్రాంతాలు ఎత్తు మీద ఉండటం వల్ల అక్కడ అప్పుడు కూడా కాత నిలుస్తుంది. కాబట్టి ఒకే కూరగాయకు రెండు ఊళ్లలో రెండు కాలాలు ఉంటాయి.

2023 జూలైలో కిలో టమాటా రెండు వందలు దాటిన సంగతి అందరికీ గుర్తుంది. దానికి ముందు వసంతంలో ఏం జరిగిందో మాత్రం నగరంలో చాలామందికి తెలియదు. నేను మార్చిలో పాతిక కిలోల క్రేటును మార్కెట్‌కు తీసుకువెళ్తే ఆటో కిరాయి, కోత కూలి పోగా చేతికి ఏమీ మిగలలేదు, అందుకే కాయ మీద ఉన్న తోటను దున్నించేశాను. నాలాగే చాలామంది వేసవి పంట మానుకున్నారు, దానికి తోడు ఎండలు, ఆ వెంటనే భారీ వానలు వచ్చాయి. జూలైలో ధర పెరిగినప్పుడు నా చేలో మొక్కజొన్న ఉంది. మళ్లీ అందరూ టమాటా నాటారు, సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలింది. పంట విరగకాసినప్పుడు రెండు కిలోలకు బదులు పది కిలోలు కొని దాచుకునేవారు వీధికి పదిమంది ఉంటే ఆ తోటను నేను దున్నించేవాడిని కాను.

గణితం_సర్
వాణి గారి కిలోమీటర్ల ప్రశ్నకు నాకు తెలిసింది చెప్తాను. ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా మనం అనుకునేంత పెద్దది కాదు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దాన్ని సుమారు 6 శాతంగా లెక్కగట్టింది. 2022లో నేచర్ ఫుడ్ పత్రికలో వచ్చిన మరో లెక్క, ఎరువులు, యంత్రాల వంటి వాటిని పొలానికి చేర్చే రవాణాను కూడా కలిపి, దాదాపు 19 శాతం అన్నది. ఏ లెక్క తీసుకున్నా, ఏం తింటున్నాం, అది ఎలా పండింది అన్నదే పెద్ద వాటా. మన పక్క ఊళ్లో పండిన వరినే చూడండి. నిరంతరం నీరు నిలిచిన మడిలో గాలి అందని బురద నుంచి మీథేన్ వస్తుంది, పైగా ఆ నీరు బోరు నుంచి వచ్చినదైతే కరెంటు కూడా ఖర్చవుతుంది. అదే వరిని మడి ఆరాక మళ్లీ నీరు పెట్టే ఆరుతడి పద్ధతిలో పండిస్తే మీథేన్ బాగా తగ్గుతుంది. కాబట్టి దగ్గరిది అన్నంత మాత్రాన మంచిదని ముద్ర వేయలేం.

జహీరాబాద్_చెలక
గణితం సర్ గారి లెక్కతో నాకు గొడవ లేదు, కానీ ఆ లెక్కలోకి రాని విషయాలు కొన్ని ఉన్నాయి. మా ప్రాంతంలో యాసంగి జొన్న, శనగ, కుసుమ ఒక్క తడి కూడా పెట్టకుండా, నేలలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో పండుతాయి. బోరు లేదు, సంచి ఎరువు లేదు. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు వీటిని సత్యం పంటలు అంటారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పుతారు, ఆ బండ్ల మీద ఎన్ని రకాల జొన్నలు ఉంటాయో ఒక్కసారి వచ్చి చూడండి.

ఒకప్పుడు మా ఇళ్లలో అన్నం పండుగ వంట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలిని తీర్చిన పథకం కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను, కానీ రేషన్ దుకాణంలో జొన్నలకు చోటు లేకపోవడంతో చేలో కూడా వాటికి చోటు తగ్గింది. మా నాన్నమ్మ చివరిదాకా పొద్దున జొన్నరొట్టె, దానిలోకి శనగాకు కూర మానలేదు.

వంటింటి_లెక్క
అందరూ పొలం గురించి రాస్తున్నారు, వంటింటి గురించి ఎవరూ రాయడం లేదు. నేను ఉద్యోగం చేస్తాను. గంగవాయిలి కూర రెండు కట్టలు తెస్తే వేళ్లు తుంచి, గడ్డి ఏరి, మూడుసార్లు కడిగి ఇసుక వదిలించేసరికి నలభై నిమిషాలు పడుతుంది. చిక్కుడు కాయలకు నార తీయాలి, జొన్నరొట్టె ఒక్కొక్కటి చేత్తో తట్టాలి, పచ్చి శనగలు ఒలుచుకోవాలి. ఇవన్నీ మంచివే, రుచి కూడా నాకు తెలుసు, కానీ ఈ పని మొత్తం ఇంట్లో ఒకే మనిషి మీద పడుతుంది, ఆ మనిషి ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. వాణి గారూ, మీరు తడబడుతున్నది కాలం తెలియకనా, లేక సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరాక ఓపిక చాలకనా?

నిజాంపేట_వాణి
మీరు సరిగ్గా అడిగారు, రెండోదే ఎక్కువ. మావారు బజారు నుంచి మెంతికూర ఆరు కట్టలు ఉత్సాహంగా తెచ్చారు గాని, వలిచేవారు లేక నాలుగు కట్టలు ఫ్రిజ్‌లో పసుపెక్కిపోయాయి.

పిఠాపురం_పెరడు
ఆకుకూర ఎవరు కొన్నారో వారే వలవాలన్నది మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా నియమం. మా మామగారు సాయంత్రం వార్తలు వింటూ పాత పేపరు పరుచుకుని తోటకూర, గోంగూర వలిచిపెట్టేవారు, ఇప్పుడు ఆ పని మా అబ్బాయి చేస్తున్నాడు. వలిచిన ఆకును తడి లేకుండా పలచటి నూలు గుడ్డలో చుట్టి ఉంచితే మూడు రోజులు వాడదు. వంటింటి లెక్క గారు చెప్పిన కష్టం నిజమే. దాన్ని పంచుకోకపోతే మిగిలిన మాటలన్నీ పుస్తకాల్లోనే ఉండిపోతాయి.

ఇంకో మాట. మా గోదావరి జిల్లాల్లో కాలం తెలుసుకోవడానికి పట్టిక ఏదీ అక్కర్లేదు. తేగలు వస్తే చలికాలం, ముంజలు వస్తే వేసవి, పనసపొట్టు అమ్మే మనిషి కత్తిపీట పెట్టుకుని కూర్చుంటే పెళ్లిళ్ల రోజులు. బుట్టలో పెట్టుకుని అమ్మే ఆవిడ దగ్గర కొనడం మొదలుపెట్టండి. ఆవిడ దగ్గర ఏది లేదో దాని కాలం అది కాదన్నమాట.

అద్దె_ఇల్లు
నేను మెస్సులో తింటాను. అక్కడ ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ బంగాళాదుంపే. నాలాంటివారికి ఇందులో చోటు ఉందా?

తాండూరు_కంది
చోటు ఉంది, పండ్లతో మొదలుపెట్టండి, వాటికి పొయ్యి అక్కర్లేదు. ఇప్పుడు రేగు, జామ, వేసవిలో ముంజలు, మామిడి, జూన్, జూలైలలో నేరేడు, వానలు తగ్గుముఖం పట్టాక మహబూబ్‌నగర్ సీతాఫలం. విదేశాల నుంచి మైనం పూతతో వచ్చే ఆపిల్ మానేసి ఆ డబ్బుతో ఇవి కొనుక్కున్నా సగం పని అయినట్టే.

కూరగాయల మాట సరే, పప్పు గురించి ఎవరూ ఎందుకు ఎత్తలేదు? మన సాంబారులోని కందిపప్పులో కొంత మయన్మార్ నుంచి, మొజాంబిక్ నుంచి ఓడల్లో వస్తోంది. మా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నల్లరేగడిలో, సున్నపురాయి నేలల్లో పండే ఈ కందికి త్వరగా ఉడికే గుణం ఉంది, వాసన వేరు. కంది కోతలు ఇప్పుడే అయ్యాయి. ఏడాదికి సరిపడా కందులు ఈ నెలలో కొని, మిల్లులో పప్పు పట్టించి, రెండు రోజులు ఎండబెట్టి, అరచేతికి ఆముదం రాసుకుని పప్పుకు పట్టించి డబ్బాలో పోస్తే మళ్లీ సంక్రాంతి దాకా పురుగు రాదు. కాలం పంట అంటే ఆ రోజు కోసుకొచ్చినది మాత్రమే కాదు, కోతల కాలంలో కొని దాచుకున్నది కూడా.

భీమిలి_అల
చేపకు కూడా కాలం ఉంది, అది చట్టంలోనే రాసి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే రోజులవి. ఆ రెండు నెలల్లో మా ఊళ్లో ఇంజిన్ లేని తెప్పల మీద తెచ్చిన కాసిని చేపలు, ముందే ఎండబెట్టిన నెత్తళ్లు, సావడాలు తింటాం. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపల దుకాణాల ముందు బారులు తీరే జూన్ 8 నాటికి సముద్రపు నిషేధం ఇంకా అమల్లోనే ఉంటుంది. ఆ రోజు మీరు కొనే తాజా చేప చెరువుది అయితే మంచిదే. వంజరం, చందువ లాంటి సముద్రపు చేప అని అమ్మితే అది ఎప్పటిదో, ఎక్కడిదో అడగండి.

పిఠాపురం_పెరడు
మీరు చేపల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను, గోదావరికి వరద వస్తే పులస రావాల్సిందే.

భీమిలి_అల
ఇక్కడ మాత్రం మీతో విభేదిస్తాను. పులస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చేది గుడ్లు పెట్టడానికే. కడుపునిండా గుడ్లతో ఉన్న చేపకే ధర ఎక్కువ, ధవళేశ్వరం బ్యారేజీ దాటి పైకి పోయే దారి కూడా దానికి లేదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టిన రోజుల్లో నదిలో అంత చేప ఉండేది. ఈ రోజు పులస పేరుతో అమ్మేవాటిలో ఒడిశా, బెంగాల్ నుంచి మంచులో పెట్టి తెచ్చినవి చాలా ఉంటున్నాయి. కాలం పంట అనుకుని దాన్ని తినడం కంటే కొన్నేళ్లు వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

పిఠాపురం_పెరడు
మా ఇంట్లో పులస పులుసు లేని శ్రావణం లేదు, అందుకే మీ మాట నాకు గట్టిగా తగిలింది. గుడ్ల సంగతి తెలిసి కూడా ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. ఈ ఏడాది మానేయమని ఇంట్లో చెప్పి చూస్తాను.

డాలస్_గోంగూర
టెక్సస్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. మొదటి ఐదేళ్లు మన కూరగాయలు తినడమంటే విమానంలో వచ్చిన దొండకాయలు, గడ్డకట్టించిన ములక్కాడ ముక్కలు కొనడమే అనుకున్నాను. ఒక జూన్‌లో ఇక్కడి రైతుల సంతకు వెళ్తే ఒక ముసలాయన పొడవాటి పచ్చికాయలు కుప్ప పోసి అమ్ముతున్నాడు. ఒకటి విరిచి చూస్తే లోపల నల్లటి కన్నున్న గింజలు కనిపించాయి, అవి మన అలసందలే. మన దేశం నుంచి వచ్చాయా అని అడగబోయి ఆగిపోయాను, అవి ఆయన తాతల నాటి నుంచీ ఈ నేలలో పండిస్తున్నవే. బెండకాయ కూడా ఇక్కడి దక్షిణ రాష్ట్రాలవారి సొంత కూర. ఆ వారం అలసంద వడలు చేసి ఆయనకు ఒక పొట్లం ఇచ్చి వచ్చాను.

గోంగూర పెరట్లో మార్చి నెలాఖరుకు చలి పోయాక వేస్తాను. పగలు పొట్టిదయ్యేసరికి పూతకు వస్తుంది, మొదటి గడ్డమంచుకు మాడిపోతుంది. అందుకని సెప్టెంబరులోనే పచ్చడి పెట్టుకుంటాను. దగ్గర అనే మాటకు నాకు దొరికిన అర్థం ఇంతే: నేను ఎక్కడ ఉంటే అక్కడి నేల ఏమిస్తుందో ముందు అడగాలి, మన వంట దాన్ని చేర్చుకోగలదు.

వంటింటి_లెక్క
అలసందల కథ చదివి చాలా సంతోషం కలిగింది. అయినా ఖర్చు గురించి వాణి గారు అడిగినది మిగిలిపోయింది. కొర్రలు, సామలు ప్యాకెట్లలో కొంటే సన్నబియ్యం కంటే ఎంతో ఎక్కువ పడుతున్నాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక ధర ఇంకా పెరిగిందే గాని తగ్గలేదని నాకు అనిపిస్తోంది.

జహీరాబాద్_చెలక
ప్యాకెట్ ధరలో రైతుకు చేరేది కొంతే. పొట్టు తీసే యంత్రాలు ఊళ్లలో లేకపోవడం వల్ల ధాన్యం దూరం వెళ్లి తిరిగి వస్తుంది. కొర్రలకు బదులు జొన్న, సజ్జ, రాగులతో మొదలుపెట్టండి, వీటికి పొట్టు తీసే బాధ లేదు, పిండిమర చాలు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వానలు పడ్డాక చేలో తనంతట తాను మొలిచే తుమ్మికూర, పొన్నగంటి, గంగవాయిలి, గునుగు మాకు ఖర్చు లేని కూరలు. వినాయక చవితికి మా వైపు తుమ్మికూర వండని ఇల్లు ఉండదు. కలుపుమందు కొట్టిన చేలో మాత్రం అవి రావు, వచ్చినా తినకూడదు.

గణితం_సర్
రైతుబజారు మాట ఇంతవరకు రాలేదు. 1999లో మొదలైనప్పుడు గుర్తింపు కార్డు ఉన్న రైతు తన పంటను నేరుగా అమ్ముకోవాలన్నదే ఉద్దేశం. ఇప్పటికీ ధరల బోర్డు రోజూ రాస్తారు. ఆ బోర్డునే నేను నా పట్టికగా వాడుతున్నాను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం నోటుపుస్తకంలో పది కూరగాయల ధరలు రాస్తున్నాను, ధర అట్టడుగుకు దిగిన వారాలే ఆ కూరగాయకు మన దగ్గరి కాలం అని తేలింది.

అద్దె_ఇల్లు
కొన్ని బజార్లలో రైతు పేరుతో వ్యాపారులే కూర్చుంటున్నారు. వేసవిలో క్యాబేజీ, అనాసపండు, ఆపిల్ ఒకే బల్ల మీద పెట్టుకున్నవారు రైతులు ఎలా అవుతారు?

చేవెళ్ల_రైతు
సరిగ్గా గుర్తుపట్టారు. రెండు మూడు రకాలే పెట్టుకుని, గోళ్లలో మట్టి ఉన్న మనిషి దగ్గరికి వెళ్లండి. మీ పొలంలో వచ్చే నెల ఏం వస్తుందని అడగండి, రైతు అయితే ఆగకుండా చెప్తాడు.

వాణి గారూ, ఈ పది రోజుల్లో మా టమాటా ధర మళ్లీ పడిపోతోంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఐదు ఇళ్లు కలిస్తే క్రేట్లు నేనే తెచ్చి ఇస్తాను. ఒరుగులు చేసుకోండి. రాయలసీమవారి పద్ధతి తేలిక: గట్టి కాయను నాలుగు చీలికలు కోసి, కిలోకు గుప్పెడు రాళ్ల ఉప్పు కలిపి ఒక రాత్రి ఉంచి, ఊరిన నీళ్లు తీసేసి ఎండలో పరచడమే. వేసవిలో పప్పులోకి నాలుగు ఒరుగులు వేస్తే చాలు.

నిజాంపేట_వాణి
ఐదు కాదు, ఏడు ఇళ్లు ఒప్పుకున్నాయి. నిన్న మూడు క్రేట్లు దిగాయి. కోయడానికి మగవాళ్లను, పిల్లలను కూడా కూర్చోబెట్టాం, వంటింటి లెక్క గారి మాట గుర్తుంచుకుని. డాబా మీద పాత పట్టుచీరల కింద పరిచే తెల్ల పంచెలు వేసి ఆరబెట్టాం. మధ్యాహ్నానికి అంచులు ముడుచుకుని గింజలు పైకి తేలి కనిపిస్తున్నాయి, మేడంతా పులుపు వాసన. అయితే ఈ రోజు పొద్దున చూస్తే కొన్ని ముక్కలు గుడ్డకు అంటుకుని జిగటగా ఉన్నాయి. పాడయినట్టేనా?

చేవెళ్ల_రైతు
పాడవలేదు, రాత్రి మంచు పట్టింది, అంతే. సాయంత్రం ఐదింటికే గుడ్డతో సహా ఇంట్లోకి తెచ్చేయండి. రోజుకు రెండుసార్లు తిరగేయండి. పట్టుకుంటే వంగకుండా, డబ్బాలో వేస్తే గలగలమనే దాకా ఇంకో నాలుగు ఎండలు పడుతుంది.